చెట్ల పేళ్లు వ్రాసికొనిన వైద్యుడు

నంద్యాల జిల్లా పడమటి అంచున, ఎర్రమల కొండల చేరువలో కొలిమిగుండ్ల యున్నది. నాపరాళ్ల నేల, వానకై ఎదురుచూచు మెట్టపొలములు, నేల అడుగున బెలుము గుహలు - ఇది ఆ సీమ రూపము. అచ్చటి నుండి తూర్పున నల్లమల వరకు గల పొడి కొండలలో సండ్ర, తునికి, నారేపి, సోమిద, తపసి మున్నగు చెట్లు పెరుగును. మేకలకాపరికి ఇవి ఇంటిలోని మనుషుల వంటివి. కంబమునకు ఏ కర్ర నిలుచును, పగ్గమునకు ఏ నార పనికివచ్చును, జ్వరమునకు ఏ పట్ట కాచి త్రాగవలెను అను సంగతులు అతనికి కంఠస్థములు. ఈ చెట్లే వృక్షశాస్త్ర గ్రంథములలో లాటిను పేళ్లు ధరించి కనిపించును. ఆ పేళ్ల చివర ఒక మనిషి పేరును కుదించి వ్రాసిన పొట్టి గురుతు ఒకటి తరచుగా కానవచ్చును. ఆ గురుతు విలియం రాక్సుబర్గు అను వైద్యునిది. ఆ చెట్టును మొదట శాస్త్రరీతిని వర్ణించి దానికి పేరుపెట్టినవాడు అతడని ఆ గురుతునకు అర్థము.

రాక్సుబర్గు తెలుగువాడు కాడు. అతని ముఖ్యమైన కృషి రాయలసీమలో గాక గోదావరి తీరమున సాగినది. ఐనను అచ్చటి కొండలలో అతడు చూచిన చెట్లలో పెక్కు ఇచ్చటి కొండలలోను ఉన్నవి. కావున తెలుగునాట ఏ మూల చెట్టు పేరు అడిగినను ఇతని కథ కొంత చెప్పక తప్పదు. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని పేరుపొందిన ఈతడు ఆ శాస్త్రపు ఓనమాలు దిద్దినది స్కాట్లండులోనైనను, విద్వాంసుడైనది తెలుగుదేశములో.

1751వ సంవత్సరము జూను నెలలో స్కాట్లండు దేశమునందలి ఎయిర్ మండలములో అతడు జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము చదివెను. ఆ కాలమున మందులన్నియు చెట్టుచేమల నుండియే రావలెను గనుక వైద్యవిద్యార్థి మొక్కలను గురుతుపట్టుట నేర్వవలసియుండెను. అచ్చట వృక్షశాస్త్రము బోధించిన ఆచార్యుడు జాన్ హోప్. అతడు పాఠము చెప్పునపుడు పెద్ద పెద్ద చిత్రపటములను చూపి చెప్పెడివాడు. మాటతో పాటు బొమ్మ యుండినగాని మొక్క మనస్సునకు పట్టదని గురువు నేర్పిన ఈ పాఠము శిష్యుని జీవితకాలమంతయు వెంటవచ్చెను.

1776లో రాక్సుబర్గు ఈస్టిండియా కంపెనీ వారి కొలువులో సహాయ శస్త్రవైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. వచ్చిన దినముల నుండియే అతడు ఆకాశమును కూడ రోగిని పరీక్షించినట్లు పరీక్షింపసాగెను. ప్రతిదినము మూడు వేళల ఎండ వేడిమిని, గాలి బరువును, వానను కొలిచి పట్టికలు వ్రాసెను. ఆ పట్టికలు 1778 నాటికి లండనులోని రాయల్ సొసైటీ పత్రికకు ఎక్కినవి. మన దేశపు వాతావరణమును క్రమముగా కొలిచి వ్రాసిన తొలి లెక్కలలో అవి చేరినవి. వానకును పంటకును, పంటకును ప్రాణమునకును గల ముడి ఎంత గట్టిదో ముందు ముందు అతనికి తెలియవలసియుండెను.

చెన్నపట్టణమున అతనికి యోహాన్ కోనిగ్ అను పండితునితో పరిచయమయ్యెను. కోనిగ్ స్వీడను దేశపు లిన్నేయసునకు ప్రత్యక్షశిష్యుడు. ప్రతి ప్రాణికి రెండు మాటల లాటిను పేరు పెట్టు పద్ధతిని లోకమునకు స్థిరపరచిన మహాపండితుడు లిన్నేయసు. ఈ విధముగా గురుపరంపర లిన్నేయసు నుండి కోనిగునకు, కోనిగు నుండి రాక్సుబర్గునకు దిగివచ్చెను.

1781లో కంపెనీవారు రాక్సుబర్గును సామర్లకోట దండునకు వైద్యునిగా పంపిరి. గోదావరి మండలమున పెద్దాపురమునకు దాపున నున్న ఈ ఊరే అతని తపోవనమైనది. సిపాయిల గాయములు కట్టుట ఉద్యోగము. మిగిలిన వేళయంతయు తోట. కంపెనీవారు అచ్చట ఒక తోట నడుపుట కనుజ్ఞ ఇచ్చిరి. అందులో అతడు కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, పనస జాతికి చెందిన సీమపనస, పట్టుపురుగులకు కావలసిన కంబళిచెట్లు నాటి చూచెను. ఉత్తరపు కొండలలో అడవి మిరియపు తీగలు కనుగొని వానిని తెచ్చి పెంచెను. రాజమహేంద్రవరపు సీమలో రైతులు చెరకు వేసి బెల్లము వండు విధమును దగ్గర నుండి చూచి వివరముగా వ్రాసెను. మచిలీబందరు అద్దకపు బట్టలకు ఎరుపు నిచ్చు చిరివేరును గూర్చియు, లక్క పురుగును గూర్చియు వ్యాసములు రచించెను. నీలిమందు నీలిమొక్క నుండి మాత్రమే వచ్చునని తలచు కాలమున, అంకుడు చెట్టు ఆకులను వేడినీట ఉడికించి నీలిరంగు తీయవచ్చునని చేసి చూపెను. ఏటికొప్పాక బొమ్మలకు కర్ర నిచ్చునది ఈ అంకుడే.

ఇన్ని పనులు కేవలము జ్ఞానాపేక్షచే జరిగినవని చెప్పుట సత్యము కాదు. కంపెనీ వర్తకుల సంఘము. ఏ మొక్కలో ఏ లాభమున్నదో తెలిసికొనుటకే వారు జీతములిచ్చి పండితులను పోషించిరి. రాక్సుబర్గు ఆ లెక్క ఎరుగనివాడు కాడు. తాను కూడ ఆ లెక్కలోని మనిషియే. కాని లాభము లేని గడ్డిపరకను సైతము అతడు అంతే శ్రద్ధతో చూచెను. ఇది జీతము కొరకు చేసిన పని కాదు.

సామర్లకోట నివాసమున రెండు దెబ్బలు తగిలినవి. 1785లో కోనిగు జబ్బుపడి, కాకినాడ యొద్దనున్న జగన్నాథపురమున మరణించెను. చివరి దినములలో అతనికి వైద్యము చేసినవాడు రాక్సుబర్గే. రెండేండ్లకు, 1787 మే నెలలో, కోరంగి తీరమును గొప్ప తుఫాను ముంచెత్తెను. సముద్రము భూమి మీదికి నడచివచ్చి ఊళ్లను, వేలకొలది జనమును మ్రింగెను. ఆ ఉప్పెనలో రాక్సుబర్గు ఏండ్ల తరబడి కూర్చిన ఎండుమొక్కలు, పుస్తకములు, వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. ముప్పదియైదేండ్ల ప్రాయమున, చేసిన పనియంతయు ఒక్కనాట పోగా అతడు మరల మొదటి ఆకు నుండి ఆరంభించెను.

మరల ఆరంభించిన ఈ పనిలో అతడు అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ఆనాటి పండితులు చాలమంది ఎండిన మొక్కలను కాగితములకు అంటించి, వానిని సీమకు పంపి, అచ్చటి గదులలో వర్ణించెడివారు. రాక్సుబర్గు మొక్కను తోటకు తెచ్చి నాటెను. మొలక నుండి పూత వరకు, పూత నుండి కాయ పండి గింజ రాలువరకు ప్రాణముతోనున్న మొక్కను చూచి వ్రాసెను. స్థానికులైన చిత్రకారులను పిలిపించి, మొక్కను ఎదుట నుంచి, అసలు రంగులలో బొమ్మ వేయించెను. పూవును విప్పి కేసరములను, గర్భకోశమును, గింజ అడ్డకోతను విడివిడిగా చూపించు చిన్న బొమ్మలను ప్రక్కన చేర్పించెను. దేవతామూర్తులను, లతలను చిత్రించు అలవాటున్న దేశపు చేతులు ఈ క్రొత్త శాస్త్రపు కొలతలను త్వరలోనే పట్టుకొన్నవి.

బొమ్మ ప్రక్కన అతడు మరియొకటి వ్రాసెను. అది ఆ మొక్కకు జనులు వాడు పేరు. అడవికి వెళ్లినపుడు కొండవారిని, కట్టెలు కొట్టువారిని, నాటువైద్యులను అడిగి, వారు చెప్పిన తెలుగుపేరును చెవికి వినిపించినట్లు తన లిపిలో వ్రాసికొనెను. ఉపయోగమేమో, కర్ర గట్టిదో మెత్తనిదో, పశువులు తినునో తినవో అడిగి వర్ణనకు చేర్చెను. కొన్నియెడల ఆ తెలుగుపేరునే లాటిను పేరులో పొదిగెను. మన సండ్ర చెట్టునకు అతడు పెట్టిన శాస్త్రనామములో సుంద్రా అను మాట యున్నది, అది సండ్రయే. నల్లమల దక్షిణభాగమునను, శేషాచలమునను తప్ప అరుదుగా కానవచ్చు తంబ చెట్టు శాస్త్రనామము షోరియా టుంబుగ్గయా. మొదటి మాట గవర్నరు జనరలుగా నుండిన జాన్ షోరు పేరు. రెండవది అడవిలోని తెలుగుమాట. ఏలినవాని పేరును, ఏలబడినవాని మాటయు ఒకే చెట్టు క్రింద ప్రక్కప్రక్కన నిలిచినవి.

సోమిద కథ ఇంకను విచిత్రము. దాని పట్ట జ్వరమును తగ్గించునని విని రాక్సుబర్గు పరీక్షించెను. సీమలో జ్వరమునకు వాడు సింకోనా పట్ట దూరదేశము నుండి ఖరీదుగా రావలసినది. దానికి బదులు ఇది వాడవచ్చునని అతని ఆశ. దానిని మహాగని జాతిలో చేర్చి, జ్వరహరమను అర్థము వచ్చు పేరు పెట్టి, 1793లో ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. తరువాత 1830లో ఫ్రెంచి పండితుడు జుస్యూ ఇది మహాగని కాదు, వేరొక ప్రజాతియని నిర్ణయించి, ఆ ప్రజాతికి పేరు వెదకి సోయ్మిడా అని పెట్టెను. అది రాక్సుబర్గు వ్రాసికొనిన సోమిద అను తెలుగుపేరే. పారిసులో కూర్చున్న పండితుని కలమునకు ఒక తెలుగు అడవిమాట అందినదనిన, దానిని నడుమ మోసినవాడు ఈ వైద్యుడు.

తెలుగు చదువుకొనువారు మరువరాని సంగతి మరియొకటి యున్నది. కడపలో నివసించి మన కావ్యములను ఉద్ధరించిన బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున చెట్టుచేమల పేళ్ల యెదుట రాక్సుబర్గు గ్రంథమును సూచించు గురుతు పలుచోట్ల కానవచ్చును. నిఘంటుకారునకు కొండచెట్టు అర్థము చెప్పుటకు కావ్యములు చాలవు. చెట్టును చూచినవాని సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యము సామర్లకోట తోటలో సిద్ధమై యుండెను.

కోనిగు పిమ్మట కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడైనవాడు పాట్రిక్ రస్సెల్. మన రక్తపింజర పామునకు శాస్త్రనామములో ఇతని పేరున్నది. రస్సెల్ స్వదేశమునకు వెడలిన పిమ్మట ఆ పదవి రాక్సుబర్గునకు లభించెను. అతడు సీమకు పంపిన ఐదువందల బొమ్మల నుండి సర్ జోసెఫ్ బ్యాంక్సు మూడువందలు ఏరి అచ్చు వేయించెను. కోరమాండలు తీరపు మొక్కలు అను ఆ మహాగ్రంథము 1795లో వెలువడ నారంభించి, 1820 నాటికి మూడు సంపుటములుగా పూర్తియయ్యెను. దానికి పీఠిక రస్సెల్ వ్రాసెను. మన ఊరి చెరువుగట్టు మొక్కలు నిలువెత్తు కాగితములపై రంగులతో మెరసి ఐరోపా పండితుల బల్లల మీదికి చేరినవి.

ఈలోగా ఉత్తర సర్కారులను 1789 మొదలు 1792 వరకు ఘోరమైన కరవు పీడించెను. వైద్యుడైన రాక్సుబర్గు ఆకలితో వచ్చు చావునకు మందు లేదని కండ్లార చూచెను. ఆ ప్రాంతపు పెద్దల నడిగి, శతాబ్దమునకు పూర్వము కూడ ఇట్టి కరవే వచ్చెనని తెలిసికొనెను. తాను కొలిచిన వానలెక్కలను దగ్గర నుంచుకొని ఆలోచించెను. వరి ఒక్కదానినే నమ్మిన దేశమునకు వాన తప్పిన ఏట దిక్కుండదు. కాలువగట్ల మీద, ఊరి పొరంబోకులలో కొబ్బరి, ఈత, సగ్గుబియ్యపు తాడి, అరటి, పనస వంటివి ముందే నాటియుంచిన, పైరు ఎండిన ఏట చెట్టు తిండిపెట్టునని కంపెనీవారికి వ్రాసెను. తోట అనునది కంటికి పండుగ మాత్రమే కాదు, కడుపునకు కాపుదల కూడనని అతనికి తోచినది. కంపెనీవారు ఆ సూచనను అతడు కోరినంత మేర పాటింపలేదు.

1793లో కలకత్తా యొద్ద శిబపురమునగల కంపెనీ తోటను స్థాపించిన కర్నల్ రాబర్టు కిడ్ మరణింపగా, ఆ తోటకు అధ్యక్షుడుగా రాక్సుబర్గును పిలిచిరి. పండ్రెండేండ్ల సామర్లకోట వాసము ముగిసెను. అచ్చటి తోట బెంజమిన్ హైనె అను జర్మను వైద్యుని చేతికి వచ్చెను. రాక్సుబర్గు హుగ్లీ ఒడ్డున 1795లో ఇల్లు కట్టుకొని ఇరువదియేండ్లు అచ్చటనే పనిచేసెను. అతడు వచ్చునాటికి తోటలో మూడువందల రకముల మొక్కలుండగా, విడుచునాటికి వాని సంఖ్య సుమారు 3,500. టేకు, మహాగని, జాజి, జనుము, గోగు - దేని నార గట్టిది, దేని కర్ర మన్నునని ఎడతెగని పరీక్షలు సాగెను. మొక్కల బొమ్మలు రెండువేల ఐదువందలకు పెరిగెను. వాని ప్రతులు ఒక వరుస కలకత్తాలోను, మరొక వరుస లండను చెంత క్యూ తోటలోను భద్రపరుపబడినవి.

కలకత్తాలోనే అతడు అశోకవృక్షమునకు శాస్త్రనామము పెట్టెను. సంస్కృతమును ఐరోపాకు పరిచయము చేసిన సర్ విలియం జోన్సు అప్పటికి కొద్దికాలము క్రిందటనే మరణించియుండెను. అతని స్మృత్యర్థము ఆ చెట్టును జోనేసియా అశోకా అనెను. తరువాతి పండితులు, లిన్నేయసు అంతకు ముందే పెట్టిన సరాకా అను ప్రజాతిలోనిది ఇది యని తేల్చిరి. శాస్త్రధర్మము ప్రకారము ముందుపెట్టిన పేరే నిలువవలెను. జోన్సు పేరు రాలిపోయినది. అశోక పేరు నేటికిని నిలిచియున్నది. మన్ననకై తొడిగిన పేరు పోయి, మన నేల ఇచ్చిన పేరు మిగిలినది.

రాక్సుబర్గు పెట్టిన పేళ్లలో రాలిపోయినవి ఇంకను కలవు. వానిలో ఒక చిన్న నీలిపూవు మొక్క చెప్పుకొనదగినది. వరిమళ్ల అంచులలోను, తడి ఆరని పచ్చికలలోను జానెడు ఎత్తున పెరుగు ఈ మొక్కను త్రొక్కి పోవువారే గాని వంగి చూచువారు అరుదు. పూవు వ్రేలిగోరంతయైన ఉండదు. దాని ముఖము రెండు పెదవులుగా చీలియుండును. పై పెదవికి రెండు సన్నని రేకులు, క్రింది పెదవికి మూడు వెడల్పు రేకులు. కాడ మూడు కోణములు తేరియుండును. దానినిబట్టి రాక్సుబర్గు ఈ మొక్కకు లొబీలియా ట్రిగోనా అని పేరుపెట్టెను. ట్రిగోనా అనగా త్రికోణమే. గ్రీకుమాటయు సంస్కృతపు మాటయు ఇచ్చట అక్కచెల్లెండ్ర వలె పోలియున్నవి. కాని ఈ మొక్కనే ఫ్రాన్సులో లామార్కు అంతకు ముందే వేరొక పేరుతో వర్ణించియుండుటచే, నేడు ఆ మొదటి పేరే చెల్లుచున్నది.

ఇక లొబీలియా అను మాట ఎవరిది? మతియాసు లోబెల్ అను వైద్యునిది. 1538లో నేటి ఫ్రాన్సులోని లిల్ పట్టణమున పుట్టిన ఈతడు రాజవైద్యుడుగా నుండి, తుదకు ఇంగ్లండు చేరి, ఒక ప్రభువు తోటను కనిపెట్టి, 1616లో మరణించెను. మొక్కలను వాని ఆకుల రూపమునుబట్టి వర్గములు చేయవలెనని ప్రయత్నించిన తొలి పండితులలో అతడొకడు. వైద్యము నుండి తోటకు, తోట నుండి శాస్త్రమునకు నడచిన లోబెల్ త్రోవనే రెండువందల ఏండ్లకు పిమ్మట రాక్సుబర్గు నడచెను. ఒకని పేరు మోయు ప్రజాతిలోనికి మరియొకడు మన వరిమడి మొక్కను చేర్చెను.

నేడు తోటలలో కుండీల అంచుల నుండి నీలపు ధార వలె వ్రేలాడు లొబీలియా మన దేశపుది కాదు. అది ఆఫ్రికా దక్షిణభాగపు మొక్క. మన వరిమడి లొబీలియాకు జ్ఞాతి. దక్కను మెట్టలో దీనిని పెంచదలచిన పాఠశాలలకు శీతకాలమే అదను. గింజలు పొడుముకంటె సన్నన. సన్నని ఇసుకతో కలిపి, జల్లించిన ఆకుమట్టి నింపిన పళ్లెములో అక్టోబరు మాసమున పైపైన చల్లవలెను. పైన మన్ను కప్పరాదు. వెలుతురు తగిలినగాని మొలవవు. మీది నుండి నీరు పోసిన గింజ కొట్టుకొనిపోవును గనుక, అడుగున చిల్లులున్న పళ్లెమును నీటి తొట్టిలో నుంచి తడి పైకి ప్రాకునట్లు చేయవలెను. నారును చిన్న చిన్న గుత్తులుగా తీసి కుండీలలో నాటి, ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నము నీడ పడు చోట ఉంచి, తడి ఆరనీయకున్న సంక్రాంతి తరువాత పూయును. శివరాత్రి దాటి ఎండ ముదిరిన పిమ్మట దాని ఆయువు తీరును. కాడ త్రుంచిన వచ్చు పాలు విషము. పిల్లలు నోట పెట్టుకొనకుండ చూడవలెను. కొండలలో నిలువెత్తు పెరిగి, పొగాకు వంటి ఆకులతో నుండు నీలగిరి లొబీలియా కూడ ఇట్టి విషపు మొక్కయే.

మన కథానాయకునకు మరియొక లొబీలియాతో కూడ సంబంధము కలిగినది. అది అతని తుదియాత్రలో. కలకత్తా గాలి అతనికి పడలేదు. పలుమారులు జబ్బుపడి, 1813లో ఉద్యోగము విడిచి స్వదేశమునకు ఓడ ఎక్కెను. త్రోవలో అట్లాంటికు మహాసముద్రము నడుమనున్న సెయింటు హెలీనా ద్వీపమున ఆరోగ్యము కొరకు కొన్ని మాసములు ఆగెను. అరువది దాటిన రోగి విశ్రమింపవలసిన చోట, ఆ ద్వీపపు కొండలెక్కి మొక్కల పట్టిక సిద్ధము చేసెను. నావికులు వదలిన మేకలు ఆ ద్వీపపు అడవిని చాలవరకు మేసివేసియుండెను. లోకమున మరెచ్చటను లేని మొక్కలు అచ్చట గుట్టల శిఖరములకు తరుముబడి బ్రతుకుచుండెను. వానిలో తెల్లని పూవులు పూయు ఒక పొదకు అతడు లొబీలియా స్కేవోలిఫోలియా అని పేరుపెట్టెను. ఆ పట్టికను ఆ ద్వీపపు గవర్నరుగా నుండిన బీట్సన్ తన గ్రంథములో 1816లో ప్రకటించెను. నేటి శాస్త్రజ్ఞులు ఆ పొదను వేరు ప్రజాతిగా నెంచుచున్నను, రాక్సుబర్గు పెట్టిన రెండవ మాట చెక్కుచెదరలేదు. వరిమడిలోని లొబీలియాకు పెట్టిన పేరు పోయినది. సముద్రము నడుమ లొబీలియాకు పెట్టిన పేరులో సగము నిలిచినది. అతడు ద్వీపము విడిచిన మరుసటి ఏడు, 1815 అక్టోబరులో, ఓడిపోయిన నెపోలియను బందీగా అచ్చటికి వచ్చెను. చరిత్రపుస్తకములు ఆ ద్వీపమును నెపోలియను పేర స్మరించును. ఆ ద్వీపపు చెట్టుచేమలను గూర్చి చదువువారు రాక్సుబర్గును స్మరింతురు.

ఎడింబరో చేరిన పిమ్మట అతడు ఎక్కువకాలము బ్రతుకలేదు. 1815 ఫిబ్రవరి 18వ తేదీన మరణించెను. అక్కడి గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో భార్య పుట్టినింటివారి సమాధిలో అతనిని ఉంచిరి. అతడు జీవితమంతయు వ్రాసిన భారతదేశపు వృక్షసంపద అను గ్రంథము అప్పటికి అచ్చు కాలేదు. వ్రాతప్రతి కలకత్తాలో మిత్రుడు విలియం కేరీ యొద్ద నుండెను. మతప్రచారమునకు వచ్చి శ్రీరాంపూరులో ముద్రాలయము నడిపిన కేరీ స్వయముగా గొప్ప తోటమాలి. 1814లో ఆ ముద్రాలయమున రెండు పుస్తకములు అచ్చయ్యెను: ఒకటి రాక్సుబర్గు తోటలోని 3,500 మొక్కల పట్టిక, రెండవది కేరీ రచించిన తెలుగు వ్యాకరణము. మన మొక్కల పేళ్లును, మన మాటల సూత్రములును ఒకే ఏట ఒకే అచ్చుబల్ల మీదికి ఎక్కినవి. మిత్రుని మరణానంతరము కేరీ, వాలిచ్ అను పండితునితో కలిసి పెద్ద గ్రంథమును 1820లోను 1824లోను రెండు సంపుటములుగా తెచ్చెను. తుదకు 1832లో మూడు సంపుటములుగా, రాక్సుబర్గు వ్రాసినదానిని వ్రాసినట్లే ప్రకటించి ఋణము తీర్చుకొనెను.

రాక్సుబర్గు పేరనే ఒక ప్రజాతిని పిలిచి పండితులు అతనిని గౌరవించిరి. కాని దానికి కూడ అంతకు ముందే మరొక పేరున్నదని తేలి, ఆ గౌరవము జారిపోయినది. ఐనను తెలుగునాట జాలారి చెట్టు శాస్త్రనామమున అతని పేరు నేడు నిలిచియున్నది. పుత్రజీవి చెట్టునకు వాలిచ్ పెట్టిన పేరులోను అతడున్నాడు. పుత్రజీవి గింజలను దారమునకు గ్రుచ్చి బిడ్డల మెడలో కట్టు తల్లి ఆ స్కాట్లండు వైద్యుని పేరు ఎన్నడును వినియుండదు.

ఐతే ఈ గౌరవములన్నిటిలో ఒక వెలితి కలదు. బొమ్మలు వేసిన చిత్రకారుల పేళ్లు ఆ మూడు సంపుటముల మొగపుటలపై లేవు. ఇది తంబ, ఇది సోమిద, ఇది సండ్ర అని చెప్పిన కొండవాని పేరు ఏ పుటయందును లేదు. అతనికి లాటిను రాదు, అక్షరములే రాకపోవచ్చును. కాని అతడు నోరు విప్పనియెడల ఆ లాటిను పేళ్లలో తెలుగు ఉండెడిది కాదు. రాక్సుబర్గు పెద్దతనమంతయు ఒక్క గుణములో ఉన్నది: తనకు తెలియనిదానిని తెలిసినవానిని అడుగుట, అతడు చెప్పినదానిని అల్పమని త్రోసివేయక వ్రాసికొనుట.

నేడు కొలిమిగుండ్ల వంటి ఊళ్ల బడిలో చదువు బాలునకు లాటిను పేరు పుస్తకములో దొరకును, ఇంగ్లీషు పేరు కూడ దొరకును. దొరకనిది తాత నోటి పేరు. మేకలు కాచినవారు, కట్టె కొట్టినవారు, వేళ్లు త్రవ్వి మందు నూరినవారు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. వారితోపాటు పేళ్లును పోవుచున్నవి. పేరు పోయిన చెట్టును కాపాడవలెనని ఎవరికి తోచును? ఉపాధ్యాయుడు ఒక ఆదివారము పిల్లలను ఎర్రమల వాలునకు తీసికొనిపోయి, వెంట ఒక వృద్ధుని పిలుచుకొని, కనిపించిన ప్రతి చెట్టు క్రింద ఆగి పేరడిగి వ్రాయించిన చాలును. ఈసారి మాత్రము ఆ పుటలో చెట్టు పేరునకు ప్రక్కన, ఆ పేరు చెప్పిన పెద్దవాని పేరు కూడ వ్రాయవలెను.